మానవశాస్త్ర చలనచిత్రోత్సవములు: మాట యెవరిది?

ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమందు 1959వ సంవత్సరము చివర ఒక క్రొత్త రీతి చలనచిత్రోత్సవము ఆరంభమైనది. దాని పేరు 'ఫెస్టివల్ దెయి పోపోలి'. తెలుగున 'జనుల యుత్సవము' అనవచ్చును గాని, 'పోపోలి' యనునది అనేక జనసముదాయములను తెలుపు బహువచనమగుటచే 'నానాజనోత్సవము' అనుట మేలు. దీనిని నెలకొల్పినవారు చిత్రనిర్మాతలు కారు, చిత్రవ్యాపారులు అంతకంటెను కారు. మానవశాస్త్రము, సమాజశాస్త్రము, జాతిశాస్త్రము మున్నగు విద్యలయందు కృషిచేసిన పండితులు. లోకమున వేర్వేరు తావులందలి మనుష్యులు ఎట్లు పనిచేయుదురు, ఎట్లు పెండ్లాడుదురు, ఎట్లు కలహింతురు, చచ్చినవారిని ఎట్లు సాగనంపుదురు అను విషయములను చూపు చిత్రములను ఒకచోట చేర్చి చూచుట, చూచిన పిమ్మట వానినిగూర్చి వాదించుకొనుట వారి యుద్దేశము. ఈ యుత్సవము నేటికిని జరుగుచున్నది.

తరువాతి కాలమున ఇట్టి యుత్సవములు మరికొన్ని వెలసినవి. న్యూయార్కు నగరపు ప్రకృతిచరిత్ర మ్యూజియమువారు మార్గరెట్ మీడ్ పేరిట 1977లో ఒకదానిని ప్రారంభించిరి. పారిస్‌లోని 'మ్యూజె ద లొమ్' అను మానవ మ్యూజియమున ఝాన్ రూష్ 1982లో స్థాపించిన వార్షిక ప్రదర్శనము ఇప్పుడాయన పేరనే జరుగుచున్నది. బ్రిటనులో రాయల్ ఆంత్రొపొలాజికల్ ఇన్‌స్టిట్యూటువారి యుత్సవము 1985లోను, జర్మనీయందు గెట్టింగెన్ నగరపు టుత్సవము 1993లోను మొదలైనవి. వీని చరిత్రమును వరుసగా చెప్పుట మా యుద్దేశము కాదు.

తెలుగుశాఖవారి పత్రికలో దీనికి చోటేమి యని అడుగువారుండవచ్చును. ఈ యుత్సవములందు ఇన్ని దశాబ్దులుగా ఎడతెగక సాగుచున్న వివాదము ప్రధానముగా బొమ్మను గూర్చినది కాదు, మాటను గూర్చినది. తెరపై కనబడు మనిషి మాటాడుచున్నాడు. ఆ మాట మనకు ఎవరి నోట వినబడుచున్నది? దానిని తెలుగుచేసినవాడెవడు, ఏమి విడిచిపెట్టినాడు? పల్లెలకు పోయి పాటలను, కథలను, వృత్తిపదములను సేకరించు మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు. మనము దానిని వేసికొనుట అరుదు, అంతియే.

మార్గరెట్ మీడ్ 1975లో వెలువడిన ఒక ప్రసిద్ధ వ్యాసమున మానవశాస్త్రము మాటల శాస్త్రమైపోయినదని నిష్ఠురమాడినది. నడక, నాట్యము, బిడ్డనెత్తుకొను తీరు మున్నగువానిని నోటుపుస్తకమున వ్రాసికొని తృప్తిపడుచున్నారనియు, కెమెరా చేతనుండియు దానిని వాడుటలేదనియు ఆమె యభియోగము. ఆమెకు ఆ మాట యనుటకు అధికారము కలదు. 1936 మొదలుగా బాలి ద్వీపమున గ్రెగరీ బేట్‌సన్‌తో కలిసి పనిచేయుచు సుమారు 22,000 అడుగుల ఫిల్మును, 25,000 ఛాయాచిత్రములను సేకరించిన వ్యక్తి ఆమె. కాని చిత్రము వచ్చినంత మాత్రమున మాట తొలగిపోలేదు. మునుపు గ్రంథమునందు నిలిచి మాటాడిన పండితుడు ఇప్పుడు తెరవెనుక నిలిచి మాటాడసాగెను.

ఈ స్థితి తొలినుండియు ఉన్నదే. రాబర్ట్ ఫ్లాహర్టీ 1922లో వెలువరించిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' మూగ చిత్రము. హడ్సన్ అఖాతపు తీరమందలి ఇన్యుయిట్ జాతి వేటగాని జీవనము అందలి విషయము. చిత్రమున నానూక్ అను పేరుతో కనబడు వాని యసలు పేరు అల్లకారియల్లక్. ఒక దృశ్యమున వాడు గ్రామఫోను రికార్డును చూచి, అదేమో తెలియనివానివలె పంట కొరికి చూచును. గ్రామఫోను వానికి తెలియనిది కాదు. ఆ దృశ్యము ఏర్పాటుచేసి తీసినది. ఫ్లాహర్టీ తాను తీసిన భాగములను ఆ జనులకే చూపి వారి సలహాలు వినెననుట నిజమే, అది ఆ కాలమున ఎవరును చేయని పని. ఐనను మధ్యమధ్య తెరపై వ్రాతరూపమున కనబడు వాక్యములన్నియు ఫ్లాహర్టీ పక్షపు మాటలే. అల్లకారియల్లక్ ఏమి పలికెనో మనకు తెలియదు.

పిమ్మట ధ్వని వచ్చినది, వ్యాఖ్యాత వచ్చినాడు. జాన్ మార్షల్ 1957లో వెలువరించిన 'వేటగాండ్రు' అను చిత్రమున కలహారి ఎడారియందు నలుగురు వేటగాండ్రు ఒక జిరాఫీని విషపు బాణముతో కొట్టి, దినముల తరబడి దాని జాడ తీసి పడగొట్టుదురు. గొప్ప చిత్రము. కాని అందు వినబడు కంఠము మార్షల్‌ది. ఈ వేటగాడు ఇప్పుడిట్లు తలచుచున్నాడు, ఆ వేటగాడు నిరాశపడినాడు అని వారి మనస్సులోని సంగతులను సైతము ఆయనయే చెప్పును. అది పురాణకర్త చెప్పు తీరు. పైగా ఆ వేట ఒకే వేట కాదు. పలు వేటలందు తీసిన భాగములను కూర్చి ఒకటిగా నల్లినది. మార్షల్ తరువాతి కాలమున తన తొలిచిత్రమును తానే విమర్శించుకొనెను. ఆ జనుల మధ్య ఏబదియేండ్లు మసలిన పిమ్మట వారి మాటలే ప్రధానముగా గల చిత్రములను తీసెను.

మరల ఫ్లారెన్సునకు వత్తము. 1959 నాటి మొదటి యుత్సవమున న్యాయనిర్ణేతలుగా కూర్చున్నవారిలో ఇద్దరు ఫ్రెంచివారు కలరు: చిత్రకారుడు, మానవశాస్త్రజ్ఞుడు నగు ఝాన్ రూష్, సమాజశాస్త్రజ్ఞుడగు ఎడ్గార్ మొరాన్. దూరదేశపు జనులను ఇన్నివిధముల చూచు మనము మన నగరపు జనులను ఏల చూడరాదని మొరాన్ రూషును అడిగెను. పారిస్‌వారిని గూర్చి పారిస్‌వారే మాటాడు చిత్రమును తీయుదమని ప్రోత్సహించెను. 1960 వేసవియందు తీసి 1961లో వెలువరించిన 'ఒక వేసవి వృత్తాంతము' (ఫ్రెంచి పేరు 'క్రోనిక్ దెన్ ఎతె') ఆ సంభాషణమునకు ఫలము. ఉత్సవములు బహుమతులు పంచుటకే పుట్టినవని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను.

ఆ చిత్రమునకు ఒక యంత్రము తోడైనది. స్టెఫాన్ కుడెల్‌స్కీ యను పోలెండు సంతతి శిల్పి స్విట్జర్లాండున నిర్మించిన 'నాగ్రా' యను టేప్ రికార్డరు అది. ఆ పేరు పోలిష్ భాషాపదము. 'నమోదు చేయును' అని దానికర్థము. భుజమునకు తగిలించుకొని నడువవీలైన రికార్డరు, చేతబట్టుకొని తిరుగ వీలైన తేలిక కెమెరా, రెండును జతగా పనిచేయుట అప్పుడప్పుడే సాధ్యమగుచుండెను. అంతకుమున్ను మనిషి వీథిలో నడచుచు మాటాడిన మాటను పెదవి కదలికతో సరిపోవునట్లు పట్టుట మిక్కిలి కష్టము. కావుననే వ్యాఖ్యాత అవసరమయ్యెను. వ్యాఖ్యాత పెత్తనమునకు గర్వమొక్కటే కారణము కాదు, యంత్రలోపమును కారణమే యని మనము న్యాయముగా చెప్పవలెను.

చిత్రారంభమున మార్సెలీన్ లోరిదాన్ అను యువతి మైకు చేతబట్టుకొని వీథిలో పోవువారిని, 'మీరు సుఖముగా నున్నారా?' అని అడుగుచుండును. కొందరు నవ్వి పోవుదురు. కొందరు నిలిచి చెప్పుదురు. ఇంత చిన్న ప్రశ్నకు ఇన్ని మౌనములు కలవని గ్రంథమున చదివిన తెలియదు. కొంతసేపటికి ప్రశ్నలడిగిన ఆమెయే చెప్పవలసివచ్చును. మ్యూజియము భోజనశాలయందు అందరు కూర్చుండగా రూష్ ఆమె ముంజేతిపై పొడిచిన అంకెలను చూపి, అవి యేమో తెలియునా యని అక్కడి ఆఫ్రికా విద్యార్థులను అడుగును. వారికి తెలియదు. ఒకరు టెలిఫోను నంబరేమో యనుకొందురు. ఆమె యూదురాలు. 1944లో తండ్రితోబాటు ఆష్విట్స్-బిర్కెనౌ నిర్బంధ శిబిరమునకు కొనిపోబడినది. తండ్రి తిరిగిరాలేదు.

తరువాతి దృశ్యమే ఈ చిత్రమునకు ప్రాణము. కాంకార్డు కూడలియందు, పిమ్మట 'లె ఆల్' అను పాత అంగడి కప్పు క్రింద, మార్సెలీన్ ఒంటరిగా నడచుచు తనలో తాను మాటాడుకొనును. నాగ్రా ఆమె భుజముననే కలదు. కెమెరా ఒక చిన్న కారులో నుండి వెనుకకు పోవుచుండును. ఆమె చిన్నదగుచుండును, కంఠము మాత్రము చెవి దగ్గరనే యుండును. తండ్రిని పిలుచును, శిబిరమున ఆయనను చూచిన క్షణమును తలచుకొనును. రికార్డరు మోయుచున్నదియు, మాటాడుచున్నదియు ఒకరే. ఎప్పుడు మాటాడవలెనో, ఎప్పుడు ఆగవలెనో నిర్ణయించినది ఆమెయే. అడుగువాడు ప్రక్కన లేడు. సమాచారమిచ్చు వ్యక్తికి, సమాచారము సేకరించు వ్యక్తికి నడుమనుండు గోడ ఆ కొలది నిమిషములు లేకపోయినది.

చిత్రము చివర ఇంకొక సంగతి కలదు. తీసిన చిత్రమును అందు పాల్గొన్నవారికే చూపిరి. చూచి వారేమనిరో అదియు చిత్రమున చేర్చిరి. కొందరు నిజమని మెచ్చుకొనిరి, కొందరు ఇది నటన యనిరి, ఒకరి దుఃఖమును ఇట్లు బయటపెట్టుట సిగ్గుమాలిన పని యనిరి. రూష్, మొరాన్ మ్యూజియపు గాజుపెట్టెల నడుమ పచారుచేయుచు తమ ప్రయత్నము ఫలించెనా లేదా యని తర్కించుకొనుచుండగా చిత్రము ముగియును. పరిశోధన వ్యాసమును సమర్పించుటకు మునుపు పాటకులకు చదివి వినిపించి, వారి యాక్షేపణలను అనుబంధముగా చేర్చినవారు మనలో ఎందరు?

రూష్ ఈ మార్గమునకు ఒక్కసారిగా రాలేదు. 1955 నాటి ఆయన చిత్రము 'లె మేత్ర ఫూ' ('పిచ్చి దొరలు' అని తెలుగుచేయవచ్చును) ఎంత ప్రసిద్ధమో అంత వివాదాస్పదము. నైజరు ప్రాంతమునుండి బ్రదుకుతెరువునకై ఆక్రా నగరమునకు వచ్చిన కూలీలు 'హౌకా' యను దేవతల పూనకమున ఊగిపోవుదురు. పూనునది గవర్నరు జనరలు, రైలుబండి డ్రైవరు, కావలి సేనలోని కార్పొరలు. తమ్మేలు తెల్లదొరలే వారికి పూనుచున్నారు! నోట నురుగులు గ్రక్కుచు వారు దొరల కవాతును, సభను అనుకరింతురు. మన జాతరలలో పూనకమును, గణాచారిని చూచినవారికి ఇది అంత వింతగా తోచదు. కాని పారిస్‌లో మొదటి ప్రదర్శనమునాడు రూష్ గురువగు మార్సెల్ గ్రియోల్ చిత్రమును నాశనము చేయుమనెను. ఆఫ్రికా విద్యార్థులును అట్లే పట్టుబట్టిరి. దీనిని చూచిన తెల్లవారు తమ జాతిని మరింత నీచముగా చూతురని వారి భయము. ఆ భయము నిరాధారము కాదు. పూనకమునందు వారు పలికిన ఫ్రెంచి-ఇంగ్లీషు కలగలుపు మాటలను రూష్ తన వ్యాఖ్యానమున తానే అనువదించి చెప్పెను. ఆయన కంఠము వినసొంపైనదే. ఐనను అది ఆయన కంఠమే. సెనెగల్ రచయిత, చిత్రదర్శకుడు నగు సెంబెన్ ఉస్మాన్ 1965లో రూషుతో ముఖాముఖి మాటాడుచు, మీరు మమ్ము పురుగులను చూచినట్లు చూచుచున్నారని యనెను. ఆ మాట నేటికిని ప్రతి ఉత్సవమునను ఎవరో ఒకరి నోట వినబడుచునే యున్నది.

1958లో వెలువడిన 'నేను, ఒక నల్లవాడను' అను చిత్రమున రూష్ మరొక దారి త్రొక్కెను. అబిజాన్ నగరపు కూలియగు ఉమరూ గాందా, మూగగా తీసిన తన చిత్రమును తాను చూచుచు, తోచినట్లు మాటాడుకొనుచు పోయెను. ఆ మాటలే చిత్రమునకు వ్యాఖ్యానమైనవి. తన దారిద్ర్యమును, కలలను, బొంకులను తన నోటనే చెప్పుకొనెను. ఆ గాందాయే తరువాత స్వయముగా దర్శకుడై చిత్రములు తీసెను. ఇంత చేసినను రూష్ తెర క్రింద అనువాదాక్షరములు వేయుటకు చివరివరకు విముఖుడే. అవి బొమ్మను పాడుచేయుననియు, చూచువాని కన్ను మనిషి ముఖమును విడిచి అక్షరముల వెంట పరుగెత్తుననియు ఆయన వాదము. ఇందు సత్యము లేకపోలేదు. కాని ఆయన చెప్పిన ప్రత్యామ్నాయము తన వ్యాఖ్యానమే కదా!

ఈ యనువాదాక్షరములను, అనగా సబ్‌టైటిళ్లను, మానవశాస్త్ర చిత్రములందు శ్రద్ధగా నెలకొల్పినవారిలో డేవిడ్, జుడిత్ మెక్‌డూగల్ దంపతులు ముఖ్యులు. 1968లో ఉగాండాయందు జియె జాతి పశుపాలకుల నడుమ తీసి 1972లో వెలువరించిన 'మందలతో జీవించుట' యందు ఆ జనులు తమలో తాము మాటాడుకొను మాటలను మనము చదువుచు వినుచుందుము. ఆ తరువాత కెన్యాలోని తుర్కానా జాతి నడుమ 1970 దశాబ్దియందు తీసిన 'పెండ్లి ఒంటెలు' దాదాపు అంతయు సంభాషణమే. లొరాంగ్ అను పెద్దమనిషి కూతురు పెండ్లికి వరుని పక్షమువారు ఎన్ని ఒంటెలు, ఎన్ని పశువులు ఈయవలెనను బేరము అందలి వస్తువు. అలుగుట, నచ్చచెప్పుట, మాట మార్చుట, మధ్యవర్తుల సర్దుబాట్లు, ఆడవారి విసుగు. పెండ్లిమాటలకు కూర్చున్న తెలుగువారెవరైనను ఆ చిత్రమును చూచి, మా యింటి సంగతియే యనకమానరు.

ఇక్కడనే అనువాదపు చిక్కు మొదలగును. ఆ పశువులను తెలుగున ఏమందుము? 'కన్యాశుల్కము' అంటిమా, గురజాడవారి నాటకము చదివిన మనకు ముక్కుపచ్చలారని పిల్లను ముసలివానికి అమ్ముకొను దురాచారమే స్ఫురించును. మానవశాస్త్రజ్ఞులు ఇంగ్లీషున 'వధువు వెల' యనెడి పాతమాటను విడిచి 'వధువు సంపద' అను అర్థము గల వేరొక మాటను వాడుట ఇట్టి చిక్కు వలననే. తెలుగున మాత్రము దీనికి సిద్ధముగా 'ఓలి' యను మాట కలదు. మగపెండ్లివారు ఆడపెండ్లివారికిచ్చు సొమ్మును అనేక కులములవారు ఓలి యనియే పిలిచిరి. అందు నిందార్థము లేదు. తుర్కానా పెద్దల నోట 'ఓలి' యను తెలుగుమాట చక్కగా నిలుచును, 'కన్యాశుల్కము' నిలువదు. ఒక్క పదముతో ఒక జాతి మర్యాద నిలుచుటయు, పోవుటయు సంభవించును.

మరియొక చిక్కు స్థలమునకు సంబంధించినది. తెర క్రింద రెండు పంక్తులకు మించి వ్రాయుట వాడుక కాదు. అవియును కొన్ని క్షణములే నిలుచును. కావున పునరుక్తి పోవును, ఊతపదములు పోవును, యాస పోవును. మన భాషనుండి ఇంగ్లీషునకు పోవునప్పుడు నీవు, మీరు, తమరు అను మూడును ఒక్కటే యగును. 'ఏరా', 'ఏమే', 'ఏమండీ' యను పిలుపులు మాయమగును. బావకు, బావమరదికి, తోడల్లునికి ఇంగ్లీషువాడు ఒక్క మాటయే వాడును. భూస్వామితో పాలేరు మాటాడు దృశ్యమున ఈ భేదములే కథ. అవి పోయిన పిమ్మట ఇద్దరు సమానులు ముచ్చటించుకొనుచున్నట్లు అన్యదేశీయునికి తోచును. మెక్‌డూగల్ స్వయముగా 1995లో వ్రాసిన వ్యాసమున, అనువాదాక్షరములు తెరపైని జనులను మూసపాత్రలనుండి వ్యక్తులుగా మార్చినవని చెప్పుచునే, అవి తెచ్చిపెట్టు క్రొత్త ప్రమాదములను సైతము చర్చించెను. చదివిన మాట పూర్తిగా అర్థమైనదను భ్రమ అట్టివానిలో నొకటి యని మేము తలచుచున్నాము.

బంధువాచకముల ప్రసక్తి వచ్చినది గావున టిమొతీ యాష్, నెపోలియన్ షానన్ అనువారు 1975లో వెలువరించిన 'గొడ్డళ్ల కలహము' అను అరగంట చిత్రమును ఇక్కడ చెప్పవలెను. పరిశోధక విద్యార్థులు తప్పక చూడదగినది. వెనెజువేలా అడవులలో యానోమామో జాతి గ్రామమున 1971లో వారు చేరిన రెండవనాడే హఠాత్తుగా పోట్లాట లేచినది. కఱ్ఱలు, గొడ్డళ్లు, కేకలు. మొదట దాదాపు పదినిమిషములు ఆ పోట్లాటను తీసినది తీసినట్లు చూపుదురు; ఏమియు అర్థము కాదు. కెమెరా ఆగిన తరువాత చీకటి తెరపై పరిశోధకుల కంఠములు వినబడును: ఇది వావివరుసలు తప్పిన సంబంధము వలన వచ్చిన తగవని వారు చెప్పుకొందురు. తరువాత విచారింపగా అది తప్పని తేలినది. అరటికాయలు అడిగిన అతిథికి ఒక స్త్రీ ఈయననుటయు, వాడామెను కొట్టుటయు మూలము. అటుపిమ్మట వేగము తగ్గించి అదే దృశ్యమును మరల చూపుచు, ఎవడు ఎవని పక్షమున ఏ చుట్టరికముచే నిలిచెనో వంశపటములతో వివరింతురు. చివర సొంపుగా కత్తిరించి కూర్చిన రూపము కలదు. దానిని మాత్రమే చూచినవాడు అన్నియు మొదటినుండి స్పష్టముగానే యుండెనని భ్రమించును.

ఆ వంశపటములు తెలుగు చూపరికి అమెరికా విద్యార్థికి కన్న సులభముగా బోధపడును. మేనత్త బిడ్డలు, మేనమామ బిడ్డలు ఒక వరుస; పెదతండ్రి, పినతల్లి బిడ్డలు మరొక వరుస; మొదటివారితో పెండ్లి తగును, రెండవవారు తోబుట్టువులే. ఇట్టి వ్యవస్థకు మానవశాస్త్రజ్ఞులు 'ద్రావిడ' పద్ధతి యని పేరిడిరి. అమెజాను ప్రాంతపు పలుజాతులలో దీనిని పోలిన పద్ధతి కనబడుట వారికి గొప్ప చర్చావిషయము. మేనరికమును ఇంట చూచిన తెలుగు పరిశోధకుడు ఇట్టి చిత్రోత్సవపు చర్చలో కూర్చుండిన, అక్కడివారికి అతడు చెప్పదగినది కలదు. పరిశోధకుడు తన మొదటి పొరపాటును దాచక చిత్రమున నిలిపిన తీరునుండి మనము నేర్వదగినదియు కలదు. మన వ్యాసములలో తుది నిర్ణయములే కనబడును. దారిలో చేసిన తప్పులు చిత్తుప్రతులతో అటకెక్కును.

మాటను పూర్తిగా విడిచిపెట్టినవారును కలరు. రాబర్ట్ గార్డ్‌నర్ 1986లో వెలువరించిన 'ఫారెస్ట్ ఆఫ్ బ్లిస్' కాశీక్షేత్రమున తీసినది. కట్టెలు, బంతిపూలు, పడవలు, కుక్కలు, శవములు, గంగ. వ్యాఖ్యానము లేదు, అనువాదాక్షరములు లేవు. ఆరంభమున తెరపై కనబడు ఒక యుపనిషద్వాక్యపు అనువాదము తప్ప చూపరికి చదువుటకు ఏమియు లేదు. పూజారి, రోగములు కుదుర్చు ముదుసలి, డోమరాజు మాటాడుచునే యుందురు. వినువానికి హిందీ రాకున్న అది శబ్దము మాత్రమే. ఈ చిత్రముపై మానవశాస్త్రజ్ఞుల నడుమ గొప్ప వాగ్వాదము జరిగినది. కన్నుతోనే గ్రహింపవలెనని కొందరు, కాశీవాసుల నోరు కట్టివేసి వారిని దృశ్యములుగా మార్చిరని కొందరు. మా యభిప్రాయము రెండవ పక్షమునకే మొగ్గును, చిత్రము సౌందర్యమును కాదనకయే. తెలుగునాట కాశీయాత్ర చేసి వచ్చినవారి యిండ్లలో ఆ ఘట్టములను గూర్చి విన్న మాటలు, బేరములు, తిట్లు, స్తోత్రములు ఆ చిత్రమున వినబడుచున్నవి. కాని అవి ఎవరికొఱకు వినబడుచున్నవో తెలియుటలేదు.

మాటను తిరిగి యిచ్చుట కాదు, కెమెరానే యిచ్చివేయుట మేలను వారును కలరు. సోల్ వర్త్, జాన్ అడేర్ అను పండితులు 1966 వేసవిలో అరిజోనా రాష్ట్రమందలి పైన్ స్ప్రింగ్సు అను తావున నావహో జాతీయులకు చిత్రము తీయుట నేర్పిరి. పని మొదలిడుటకు ముందు అక్కడి వృద్ధుడు శామ్ యాజీ అనుమతి కోరిరి. ఆయన విని, దీనివలన గొఱ్ఱెలకు కీడు కలుగునా యని అడిగెను. కలుగదనిరి. మేలు కలుగునా యనెను. అదియు లేదనిరి. ఐనచో ఎందులకు తీయుట, అని యాయన ప్రశ్న. వర్త్, అడేర్ ఈ ప్రశ్నను తమ గ్రంథమున దాచక వ్రాసిరి. మా యెరుకలో దీనికి సరియైన సమాధానము ఎవరును చెప్పలేదు.

తెలుగుదేశమునకు ఈ చిత్రప్రపంచముతో సంబంధము లేకపోలేదు. 1940 దశాబ్దియందు హైదరాబాదు సంస్థానమున చెంచులను, కొండరెడ్లను, ఆదిలాబాదు రాజగోండులను గూర్చి గ్రంథములు వ్రాసిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్, భారతదేశపు గిరిజనుల నడుమ ఫిల్మును కూడ తీసినవాడు. మదనపల్లెకు చేరువనున్న ఋషి వ్యాలీ పాఠశాలయందు డేవిడ్ మెక్‌డూగల్ తీసిన 'స్కూల్‌స్కేప్స్' 2007లో వెలువడినది. అందు ప్రతి దృశ్యమును నడుమ కత్తిరింపు లేక ఒకే దృష్టితో తీసిరి. నిదానించి చూచుటను గూర్చి జిడ్డు కృష్ణమూర్తి చెప్పిన భావములు ఆ పద్ధతికి ప్రేరణము.

మన విశ్వవిద్యాలయములలో 1950 దశాబ్దియందు బిరుదురాజు రామరాజుగారు జానపదగేయమును డాక్టరేటు పట్టమునకు తగిన విషయముగా నిలిపిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము 1962లో వెలువడినది. వీరివలన పల్లెమాటకు గ్రంథస్థానము లభించినది. ఇప్పుడు ప్రతి విద్యార్థి చేతను కెమెరా గల టెలిఫోను కలదు. చిత్రము తీయుటకు డబ్బు లేదను సాకు పోయినది. కాని తెలుగునాట తీసిన చిత్రములకు ఇంగ్లీషు అనువాదాక్షరములు కూర్చునప్పుడు తెలుగుశాఖలను సంప్రదించినవారు మా యెరుకలో లేరు; మనమును, మేము చేసెదమని ముందుకు పోయినది లేదు. శ్రీకాకుళపు యాసను, కోయమాటను, తెలంగాణపు పలుకుబడిని తెలిసినవారు మన శాఖలలోనే కలరు. ఒక్క చిత్రమునకు అనువాదము కూర్చి, చేసిన ప్రతి యెంపికకు కారణము వ్రాయుట ఒక చిన్న పట్టమునకు చాలినంత పరిశోధనయే యగును.

మేము పరిశోధన చేయు దినములలో ఉత్తరాంధ్ర పల్లెలలో జముకుల కథను కాసెట్లపై పట్టితిమి. ఇంటికి వచ్చి, అక్షరము పొల్లుపోకుండ వ్రాసికొంటిమి. ఆ వ్రాతప్రతిలో కథకుడు, 'ఇదిగో ఇట్టా వొచ్చినాడు, ఇంతేసి కళ్లు చేసినాడు, ఇట్టా చూసినాడు' అనును. ఎట్లు వచ్చెను? ఎంతేసి కన్నులు? చేయి చూపినది, జముకు పలికినది. కాసెట్టునకు చేయి కనబడదు. ఆ తావున జనము ఘొల్లున నవ్వుట మాత్రము వినబడును. సిద్ధాంతవ్యాసమున మేము ఆ స్థలమునందు కుండలీకరణములలో 'నవ్వులు' అని వ్రాసితిమి. పరీక్షకులెవరును దానిని గూర్చి అడుగలేదు.